అరవై శుక్రవారాల బకాయి

మా అబ్బాయి బండి మీంచి పడ్డాడు. పెద్ద ప్రమాదమేం కాదు. వానకి కొట్టుకొచ్చిన ఇసుక మలుపులో పేరుకుంది, టైరు జారింది, కుడి చీలమండ దగ్గర ఎముకకి సన్నటి పగులు. ఆరు వారాలు సిమెంటు కట్టు ఉంచాలన్నారు.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోను. వాడు రాత్రి నిద్రపోయాడా, నొప్పికి మాత్రలిచ్చారా, కాలి కింద దిండు పెట్టావా, అన్నీ అడిగింది. తర్వాత కాసేపు చప్పుడు లేదు. లైన్ పోయిందేమో అని నేను హలో హలో అంటుంటే, గొంతు బాగా తగ్గించి, "శుక్రవారాలు లలిత చదవడం మానేశావటే?" అంది.

"వాడు పడటానికీ దానికీ ఏం సంబంధం పిన్నీ?"

"నేనేమన్నాను ఇప్పుడు? ఊరికే అడిగాను."

ఊరికే అడగలేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజంతా మండిపోతూనే ఉన్నాను. మా ఆయనతో అన్నాను, అక్కతో ఫోన్లో అన్నాను, ఇరవయ్యేళ్ళ కుర్రాడి కాలు విరగ్గొట్టి వాళ్ళమ్మ చేత సహస్రనామం చదివించుకునే దేవత ఎక్కడైనా ఉంటుందా అని గట్టిగా వాదించాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో దేవుడి అలమర తలుపు తీసి, లైటు కూడా వేయకుండా, రెండు లెంపలూ వేసుకుని "తప్పయిపోయింది తల్లీ" అన్నాను.

పగలు వాదించిందీ నేనే, రాత్రి లెంపలేసుకుందీ నేనే. ఈ రెంటిలో ఏది నాటకం అని ఆలోచిస్తే తేలలేదు. రాస్తే తేలుతుందేమో అని మొదలుపెట్టాను.

ఏ మొహం పెట్టుకుని

మానేయడానికి గొప్ప కారణమేదీ లేదు. నమ్మకం పోలేదు, ఎవరి మీదా అలగలేదు. పదకొండేళ్ళపాటు, కుదరని రోజులూ మైల రోజులూ తప్ప, ప్రతి శుక్రవారం సాయంత్రం లలితా సహస్రనామం చదివాను. మా అత్తగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు వరసగా కొన్ని వారాలు తప్పాయి. అది తప్పు కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. ఆవిడ ఇంటికొచ్చారు, నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టారు, ఇంక నాకు వంక లేదు. కానీ అప్పటికి ఐదు వారాలైపోయింది.

ఒక్క వారం తప్పితే మళ్ళీ కూర్చోవడం తేలిక. ఐదు వారాలయ్యాక పుస్తకం తీయాలంటే ముందు ఆ ఐదు వారాల సంగతీ తేల్చాలనిపిస్తుంది. మామూలుగా కూర్చుంటే ఏం బావుంటుంది, మంచి రోజు చూసుకుని, పూలు తెప్పించి, పాయసం చేసి, ఈసారి గట్టిగా మొదలుపెడదాం అనుకుంటాం. ఆ "గట్టిగా" దగ్గరే ఇంకో ఆరు వారాలు పోతాయి. దసరాలకి అనుకున్నాను, దసరాలు వెళ్ళిపోయాయి. కార్తీకం అనుకున్నాను, తర్వాత మాఘం. చూస్తుండగా పద్నాలుగు నెలలు. రోజూ చిన్న దీపం మా ఆయన పెట్టేవారు, ఆ టైముకి నేను కుక్కర్ దగ్గర ఏదో పనున్నట్టు అటు తిరిగి నిలబడేదాన్ని.

నాకనిపించేదేంటంటే, బద్ధకంతో మానేసింది మొదటి నెల మాత్రమే. మిగిలిన పదమూడు నెలలూ సిగ్గుతో మానేశాను. చాలా రోజులు పలకరించని చుట్టానికి ఫోన్ చేయాలంటే ఇలాగే ఉంటుంది కదా, "ఇన్నాళ్ళూ గుర్తు రాలేదా" అంటారేమోనని ఇంకో వారం వాయిదా వేస్తాం, దాంతో అనడానికి వాళ్ళకి ఇంకో వారం దొరుకుతుంది.

మొక్కు వేరు

భయం సంగతి ముందు చూడాలి. అది మనకి ఉగ్గుపాలతోనే పట్టేశారు. సత్యనారాయణ వ్రతం పీటల మీద ఎన్నిసార్లు కూర్చున్నామో అన్నిసార్లూ ఆ సాధువు అనే వర్తకుడి కథ విన్నాం. పిల్ల పుడితే చేస్తానంటాడు, పుట్టాక పిల్ల పెళ్ళికి చేస్తానంటాడు, పెళ్ళయ్యాక మర్చిపోతాడు, చెయ్యని దొంగతనానికి అల్లుడితో సహా చెరసాలలో పడతాడు. చిన్నప్పుడు ఆ ఘట్టం దగ్గర నాకు నిజంగా కడుపులో తిప్పేది. తిరుమలలో ఉన్నాయన ఆపదమొక్కులవాడు, అంతటితో ఊరుకుంటామా, వడ్డికాసులవాడు కూడా. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా "ఏదైనా మొక్కు మర్చిపోయామా" అని పెద్దవాళ్ళు వేళ్ళు లెక్కపెట్టడం చూస్తూ పెరిగాం.

కానీ ఈమధ్య ఆ కథ మళ్ళీ విన్నప్పుడు ఒక సంగతి తట్టింది. ఆ వర్తకుడి తప్పు పూజ చేయకపోవడం కాదు, బేరం తప్పడం. నువ్వు ఇది ఇస్తే నేను అది చేస్తా అన్నాడు, పుచ్చుకున్నాడు, ఎగ్గొట్టాడు. మొక్కంటే అప్పే. అప్పు తీర్చకపోతే అడుగుతారు, అందులో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, మొక్కున్నవాళ్ళు వెళ్ళి తీర్చుకోవాల్సిందే. నా శుక్రవారాలు మొక్కు కాదు. ఎవరినీ ఏమీ అడక్కుండా మొదలుపెట్టాను, చదువుతుంటే బావుండేది, చదివాను. అలాంటిది ఆగిపోతే అది బాకీ ఎలా అవుతుంది? మన ఇళ్ళలో ఈ రెంటినీ కలిపి ఒకే ఖాతాలో రాసేశారు.

గీతలో రెండో అధ్యాయంలో "నేహాభిక్రమనాశోఽస్తి ప్రత్యవాయో న విద్యతే" అని ఉంది. ఈ దారిలో మొదలుపెట్టింది వృథా కాదు, మధ్యలో ఆగితే దోషమూ రాదు అని. ఆరో అధ్యాయంలో అర్జునుడు సరిగ్గా నా ప్రశ్నే అడుగుతాడు. శ్రద్ధ ఉంది, కానీ మధ్యలో మనసు జారిపోయింది, అలాంటివాడు విడిపోయిన మబ్బు తునకలా అటూ ఇటూ కాకుండా పోతాడా అని. లేదు నాయనా, మంచి పని చేసినవాడెవడూ దుర్గతి పాలు కాడు అంటాడు కృష్ణుడు. ఆ "తాత" అనే సంబోధన, మనం "నాయనా" అన్నట్టు, అక్కడ పడటం నాకు చాలా ఇష్టం.

దీనికి ఎదురు వాదన ఉంది, అది చిన్నదేం కాదు. నిత్యకర్మ అనేది ఒకటుంది, సంధ్యావందనం లాంటిది, చేస్తే ప్రత్యేకమైన ఫలమేం రాదు గానీ మానేస్తే ప్రత్యవాయం, అంటే దోషం, వస్తుందని కర్మ పక్షం వాళ్ళు శతాబ్దాలుగా చెబుతున్నారు. గీతలో ఆ మాట కర్మయోగం గురించి, మీ ఇంట్లో పారాయణ గురించి కాదు అని కూడా అనొచ్చు. నిజమే. అయితే శంకరాచార్యులు గీత మూడో అధ్యాయానికి రాసిన భాష్యం మొదట్లోనే దీన్ని పట్టుకుంటారు. చేయకపోవడం అంటే ఒకటి లేకపోవడం, లేని దాన్నించి పాపం అనే ఉన్న వస్తువు ఎలా పుడుతుంది అని అడిగి, "కథమసతః సజ్జాయేత" అని ఛాందోగ్య ఉపనిషత్తు మాటని సాక్ష్యం తెస్తారు. చదివినప్పుడు హమ్మయ్య అనిపించింది. ఆయన ఆ మాట సన్యాసుల పక్షాన అన్నారు, నాలాంటి శుక్రవారం ఎగ్గొట్టేవాళ్ళ కోసం కాదు, ఆ సంగతి కూడా తెలుసు. అయినా వాడుకున్నాను.

నాన్న నాలుగో అర్ఘ్యం

మా నాన్న రైల్వేలో షిఫ్టు ఉద్యోగం చేశారు. ఇంటికొచ్చి స్నానం చేసి సంధ్య వార్చే వేళకి సూర్యుడు నడినెత్తిన ఉండేవాడు. సంధ్యావందనంలో మూడు అర్ఘ్యాలు. వేళ దాటితే దానికి ప్రాయశ్చిత్తంగా ఇంకొకటి ఇవ్వాలి. నాన్న ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నాలుగిచ్చారు. పెరట్లో తులసికోట దగ్గర నిలబడి, దోసిట్లోంచి నీళ్ళు వదులుతూ, ఆఖరిది వదిలాక మా వైపు తిరిగి "లేటు ఫీజు కట్టేశాను" అనేవారు. రిటైరయ్యాక పొద్దున్నే టైముకి కూర్చోవడం మొదలుపెట్టి, మొదట్లో కొన్ని రోజులు అలవాటుగా నాలుగోది కూడా వదిలేసి నాలిక్కరుచుకునేవారు.

అప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, ఆ క్రతువు లోపలే ఆలస్యానికి ఒక దోసెడు నీళ్ళు కేటాయించి పెట్టారు. అదే సంధ్యలో పొద్దున్న "సూర్యశ్చ" అంటూ రాత్రి చేసిన పాపాలకి, సాయంత్రం "అగ్నిశ్చ" అంటూ పగలు చేసిన వాటికి రక్షించమని అడుగుతారు. అంటే పూటకి పూట సరి చేసుకోవడమే, పద్నాలుగు నెలలు పోగుపడనిచ్చే ఏర్పాటు కాదు.

మనం ఇంట్లో చేసే పూజ మాత్రం? సంకల్పంలోనే "సంభవద్భిః ద్రవ్యైః సంభవతా నియమేన" అని మొదలుపెడతాం. దొరికిన వస్తువులతో, కుదిరిన నియమంతో చేస్తున్నాను, అంటే ఇంకా గంట కూడా కొట్టకముందే ఒక మాట అనుకుని పెట్టుకున్నాం. తర్వాత వస్త్రం లేదు, అక్షతలు. ఆభరణం లేదు, అక్షతలు. ఛత్రం, చామరం, నృత్యం, గీతం, అన్నిటికీ అవే నాలుగు అక్షతలు. చివర "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం". మంత్రం రాలేదు సరే, క్రియ తప్పింది సరే, భక్తి కూడా లేదని రోజూ నోటితో ఒప్పుకుంటున్నామన్న సంగతి ఎంతమంది గమనిస్తారో. తిరుమలలో కూడా ఏటా శ్రావణంలో మూడు రోజులు పవిత్రోత్సవాలు చేస్తారు, ఏడాది పొడుగునా జరిగిన కైంకర్యాల్లో తెలిసో తెలియకో దొర్లిన లోపాలకి పరిహారంగా. మధ్యలో కొన్ని వందల ఏళ్ళు ఆగిపోయిన ఆ ఉత్సవాన్ని 1962లో మళ్ళీ మొదలుపెట్టారు. లోపాలు సరిదిద్దే ఉత్సవమే అన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలైందంటే, నా పద్నాలుగు నెలల గురించి కాస్త ధైర్యం వచ్చింది. (అర్చకులు ఉన్న గుడినీ నన్నూ పోల్చుకోవడం ఎక్కువే, ఒప్పుకుంటాను.)

ఇక్కడిదాకా వచ్చేసరికి నాకో సిద్ధాంతం తయారైంది. క్షమాపణ పూజలో భాగం, పూజ చేసినవాళ్ళు చివర్లో చెప్పేది, కాబట్టి చేయకుండా క్షమాపణ ఒక్కటే చెప్పడం కుదరదు. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు కట్టగా వెలిగించి ఏడాది దీపాల లెక్క సరిపెట్టేయడాన్ని నేను చాలాకాలం వన్ టైమ్ సెటిల్‌మెంట్ అని ఎగతాళి చేసేదాన్ని. ఒకసారి అమ్మ ముందే అన్నాను. అమ్మ ఏడాదిలో ఒక్కరోజు కూడా దీపం తప్పించని మనిషి, ఆవిడా ఆ వత్తుల కట్ట నేతిలో నానబెడుతోంది. "రోజూ పెడతావుగా, నీకెందుకమ్మా" అంటే, "పెడతాను, పెట్టినప్పుడల్లా మనసు అక్కడుందా ఏమిటి" అంది. తర్వాత గుళ్ళో చుట్టూ చూస్తే, ఆ వత్తులు వెలిగించేవాళ్ళలో చాలామంది అమ్మలాంటివాళ్ళే. నిజంగా ఎగ్గొట్టేవాళ్ళకి ఆ పౌర్ణమీ గుర్తుండదు. నేనే ఉదాహరణ.

ఆలసతయా

సిద్ధాంతం బావుంది గానీ, శివాపరాధ క్షమాపణ స్తోత్రం దగ్గర అడ్డం తిరిగింది. అందులో చేసినదాంట్లో లోపాలు కాదు, అసలు చేయనివే వరస. తెల్లవారుజామున స్నానం చేసి నీ అభిషేకానికి గంగ నీళ్ళు తేలేదు. ఒక్కసారైనా అడవిలోకి వెళ్ళి మారేడు దళాలు కోసుకు రాలేదు. సరస్సులో పూసిన తామరలు మాల కట్టలేదు. గర్భంలో ఉన్నప్పటి నుంచి ముసలితనం దాకా ఏ వయసులో ఎందుకు నిన్ను తలుచుకోలేదో ఒక్కో శ్లోకం. అంటే ఏమీ చేయనివాడూ వచ్చి నిలబడొచ్చు. అక్కడ నా రూలు చెల్లలేదు.

కానీ ఆ స్తోత్రంలో భక్తుడు అడిగిన తీరు చూడండి. "తెలిసీ తెలియక చేసిన తప్పులు" అని మూటకట్టి పడేయలేదు. నీళ్ళు, ఆకులు, పూలు, ఏది తేలేదో దాని పేరు చెప్పాడు. దేవీ అపరాధ క్షమాపణ స్తోత్రంలో ఇంకా సూటిగా ఉంటుంది: "విధేరజ్ఞానేన ద్రవిణవిరహేణాలసతయా". విధి తెలియక, డబ్బు లేక, బద్ధకం వల్ల. మొదటి రెండూ మర్యాదగా చెప్పుకోగలిగిన కారణాలు. మూడోది చెప్పడానికి దమ్ముండాలి. ఈ స్తోత్రం శంకరులదే అంటారు గానీ, అందులోనే నాకు ఎనభై ఐదేళ్ళు దాటిపోయాయి అని ఒక శ్లోకం ఉంది, సంప్రదాయం ప్రకారం ఆయన బతికింది ముప్ఫై రెండేళ్ళు. ఎవరు రాశారో మనకి అనవసరం, ఎనభై ఐదు దాటిన మనిషెవరో బద్ధకం అన్నమాట దాచకుండా ఒప్పుకున్నారు, నాకది చాలు.

"తెలిసో తెలియకో" అనేది మనకి భలే అనువైన మాట. నా విషయంలో "తెలియకో" లేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి తెలుసు, పుస్తకం ఎక్కడుందో తెలుసు, చేతిలో ఫోన్ ఉందనీ తెలుసు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు కన్నప్ప కథ చెబుతారు. ఎంగిలి నీళ్ళతో అభిషేకం చేసినా శివుడు మెచ్చాడుగా, భక్తి ముఖ్యం అని. కన్నప్పకి తెలియనిది నియమం, అతనికి ధ్యాస మాత్రం క్షణం తప్పలేదు. నాకు నియమాలన్నీ వచ్చు, లేనిదే ధ్యాస. ఆయన కథని నా వైపు సాక్ష్యానికి పిలవడం సిగ్గులేని పని. అజామిళుడు కాస్త దగ్గర, అన్నీ తెలిసి వదిలేసినవాడు. కానీ అతని కథని కూడా మనం "నారాయణా" అని కొడుకుని పిలిచి తరించాడు అనేచోట ఆపేస్తాం. యమభటులు వెళ్ళిపోయాక అతను ఇల్లు వదిలి గంగాద్వారం వెళ్ళి కూర్చుని మొదలుపెట్టాడన్న భాగం ఎవరూ చెప్పరు.

అమ్మ ఫోను

"కుపుత్రో జాయేత క్వచిదపి కుమాతా న భవతి." చెడ్డ కొడుకు పుట్టొచ్చు గానీ చెడ్డ తల్లి ఉండదు. ఈ మాట వింటే అందరికీ కళ్ళు చెమరుస్తాయి. నాకు మాత్రం కొంచెం భయం, ఎందుకంటే నేను అమ్మ దగ్గర చేసింది అదే. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసేది. పనిలో ఉంటే ఎత్తేదాన్ని కాదు, పనిలో లేకపోయినా ఒక్కోసారి ఎత్తేదాన్ని కాదు, ఏమీ అనుకోదని తెలుసు కనక. నిజంగానే ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. మర్నాడు మళ్ళీ చేసేది. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆవిడ నన్ను క్షమించలేదేమోనన్న అనుమానం నాకు ఏ కోశానా లేదు. క్షమించింది. ఆ ఫోన్లు మాత్రం ఇంక రావు.

పిన్నితో వాదించినప్పుడు నేను అనాల్సింది ఇదేమో. అమ్మవారు కోప్పడి కాలు విరగ్గొట్టిందని నేను నమ్మను, ఇప్పుడూ నమ్మను. అలాగని మానేసినందుకు ఏమీ జరగలేదని కూడా అనలేను. లేనిదాన్నించి పాపం పుట్టదని శంకరులన్నారు, సరే. అరవై శుక్రవారాల సాయంత్రాలు నా దగ్గర లేవు, అవి లేకపోవడమే ఉంది. ఆ గంటసేపు ఎవరితోనూ మాట్లాడక్కర్లేకుండా, వంట గురించి ఆలోచించకుండా, వెయ్యి పేర్లతో ఒకరిని పిలుస్తూ కూర్చోవడం నాకు ఎంత అవసరమో ఈ పద్నాలుగు నెలల్లో ఇంట్లో నా కేకలు విన్నవాళ్ళని అడిగితే చెబుతారు. లెంపలేసుకున్నది భయంతోనా అంటే, సగం భయంతోనే. రెండో సగం ఇది.

రెట్టింపు

వారానికి రెండుసార్లు చదివి బాకీ తీర్చేద్దామా అని కూడా ఆలోచించాను. కాగితం మీద లెక్క వేశాను కూడా. మా ఆయన చూసి "ఈఎంఐ పెట్టుకుంటావా" అన్నారు. కాగితం చింపేశాను. నాన్న కూడా తప్పిన సంధ్యలన్నీ కలిపి ఒకరోజు చేసినట్టు నాకు గుర్తులేదు, ఆలస్యమైన పూటకి ఒక దోసెడు, అంతే.

ఆ శుక్రవారం మంచి రోజో కాదో చూడలేదు. పారాయణకి వాడే ఇత్తడి కుందులు తీస్తే లోపల నూనె బంకలా గడ్డకట్టింది, పాత వత్తి అడుగున అతుక్కుపోయి గోటితో గీకినా రాలేదు. చింతపండు నానబెట్టి తోమాను, అంచుల్లో చిలుము మాత్రం పూర్తిగా పోలేదు. అలాగే వెలిగించాను. పుస్తకంలో పేజీలు తిప్పే మూల పదకొండేళ్ళ పసుపు వేలిముద్రలు అలాగే ఉన్నాయి. ఒకప్పుడు చూడకుండా చెప్పేదాన్ని, ఇప్పుడు "నిర్లేపా నిర్మలా నిత్యా" వరసలోకి వచ్చేసరికి నాలుక తడబడి, ఏ "నిర్" తర్వాత ఏ "నిర్" వస్తుందో తెలియక వేలు పెట్టి చదవాల్సి వచ్చింది. మధ్యలో వాడు నీళ్ళు కావాలని పిలిచాడు, లేచి ఇచ్చి వచ్చాను. చివర్లో క్షమాపణ శ్లోకాలకి ముందు తెలుగులో నా మాటల్లో చెప్పాను, బద్ధకం అన్నాను, ఫోన్ అన్నాను, సిగ్గు అన్నాను. పైకి అంటే వినడానికి అంత బావుండదు. ఆ తర్వాత వారం చదివాను. మూడో వారం మళ్ళీ తప్పింది, నాలుగో వారం కూర్చున్నాను.

మొన్న పిన్ని ఫోన్ చేసింది.

"మొదలుపెట్టావా?"

"పెట్టాను పిన్నీ."

"పోనీలే. వాడి కాలు ఎలా ఉంది?"

"నిన్ననే కట్టు విప్పారు. బాగా అతుక్కుందిట."

"చూశావా మరి!" అంది పిన్ని.

కట్టు వేసిన రోజే డాక్టరు ఆరు వారాలన్నాడని, సరిగ్గా ఆరు వారాలకే విప్పారని చెబుదామని నోటి దాకా వచ్చింది. "అవును పిన్నీ" అన్నాను.